జోయీ వస్తే లండన్‌కు పండగే

డిసెంబరు రాగానే బ్రిటన్‌లో ఊరూరా పాంటోమైమ్ మొదలవుతుంది. సిండ్రెల్లా, అల్లావుద్దీన్ కథలు, పాటలు, తళుకుబెళుకుల వేషాలు, ‘అదుగో, నీ వెనకాలే!’ అంటూ పిల్లల కేకలు. ఇంత గోలగా సాగే ఈ పండగ నాటకం మూలాలు మౌనంలో ఉన్నాయి.

క్రీ.పూ. 22 ప్రాంతంలో రోమ్‌లో పిలాడిస్, బాథిల్లస్ అనే నటులు ముసుగు ధరించి, ఒక్క మాటా పలక్కుండా పురాణగాథలను అభినయించారు. ఆ తర్వాత ఎన్నో శతాబ్దాలకు ఇటలీ ప్రహసనాల్లో హార్లెక్విన్ అనే హాస్య పాత్ర కనిపిస్తుంది. 18వ శతాబ్దిలో నటుడు జాన్ రిచ్ ఆ పాత్రను మూగవాడిగా ఆడి లండన్‌ను కట్టిపడేశాడు.

ఆ రోజుల్లో లండన్‌లో మాటల నాటకం ఆడే హక్కు డ్రూరీ లేన్, కావెంట్ గార్డెన్ వంటి ఒకటి రెండు శాలలకే ఉండేది. సాడ్లర్స్ వెల్స్ లాంటివి పాటలతో, గంతులతో, అభినయంతో నెట్టుకురావాల్సిందే. జోసెఫ్ గ్రిమాల్డీ పసితనంలోనే అక్కడ వేదికెక్కాడు. జనం ‘జోయీ’ అని పిలుచుకున్న విదూషకుడు అతనే.

సున్నం కొట్టినట్టు తెల్లటి ముఖం, చెంపల మీద ఎర్ర త్రికోణాలు. తిండిపోతుతనం, చేతివాటం ఆ వేషానికి ప్రాణం. 1806 డిసెంబరు 29న కావెంట్ గార్డెన్‌లో మొదలైన ‘మదర్ గూస్’తో అతని పేరు మారుమోగింది. మరో నాటకంలో అతను కూరగాయలు పేర్చి ఓ మనిషిని తయారుచేస్తాడు. ఆ బొమ్మ కాస్తా లేచి, చేసినవాడితోనే పిడిగుద్దులకు దిగుతుంది! ‘హాట్ కాడ్లిన్స్’ పాటలోనైతే జోయీ చరణం చివర ఆగేవాడు. మిగిలిన మాటను హాలంతా అరిచేది. నేటి పిల్లల కేకలు వింటే ఆ విరామమే గుర్తొస్తుంది.

ఏళ్ల తరబడి పడీ లేచీ ఆ ఒళ్లు గుల్లయింది. 1828 జూన్ 27న డ్రూరీ లేన్‌లో వీడ్కోలు ప్రదర్శన. నిలబడే ఓపిక లేక కుర్చీలో కూర్చునే ఆడాడు. అప్పటికి వయసు 49. 1837లో కన్నుమూశాడు. మరుసటి ఏడు వెలువడిన అతని జీవితకథను సంస్కరించింది చార్లెస్ డికెన్స్.

1843 చట్టం మాటల హక్కును మిగతా శాలలకూ ఇచ్చింది. పాంటోమైమ్‌కు మాటలు పెరిగాయి, హార్లెక్విన్ వెనక్కి తగ్గాడు. డాన్ లీనో లాంటి మగవాళ్లు ముసలమ్మ వేషాలు కట్టారు, కుర్ర హీరోలుగా ఆడవాళ్లు వచ్చారు. మాటల్లేని అభినయం పారిస్‌లో వేరే దారి పట్టి, 1947లో మూకాభినయ నటుడు మార్సెల్ మార్సో సృష్టించిన ‘బిప్’ పాత్ర దాకా వెళ్లింది. ఇప్పుడు బ్రిటన్ పోస్టర్ల మీద టీవీ తారల పేర్లే పెద్దక్షరాల్లో ఉంటాయి. విదూషకులు మాత్రం ఏటా ఫిబ్రవరి మొదటి ఆదివారం పూర్తి వేషాల్లో తూర్పు లండన్‌లోని చర్చికి వచ్చి జోయీని తలచుకుని ప్రార్థనలు చేస్తారు.