గంట చేసిన నేరం

చిన్నప్పుడు నేను గడప తట్టుకుని పడి ఏడిస్తే, మా అమ్మమ్మ పరుగెత్తుకొచ్చి ముందు గడపకి నాలుగు తగిలించేది. "మా అమ్మాయిని పడేస్తావా? ఇంకోసారి చేస్తావా?" అని దాన్ని గదమాయించేది. గడపకి బుద్ధొచ్చిందో లేదో గాని, నేను ఏడుపు మానేదాన్ని. ఈమధ్య రష్యా చరిత్ర తిరగేస్తుంటే ఊగ్లిచ్ గంట కథ కనబడి అమ్మమ్మ గుర్తొచ్చింది.

ఊగ్లిచ్ మాస్కోకి ఉత్తరాన, వోల్గా ఒడ్డునున్న చిన్న పట్నం. 1584లో 'భయంకరుడు' అని పేరుపడ్డ జార్ ఇవాన్ చనిపోయాక, ఆయన ఆఖరి భార్య మరియా నగాయాని, ఏడాదిన్నర పసివాడు దిమిత్రితో సహా ఈ ఊరికి పంపేశారు. పేరుకి ఊరు పిల్లవాడి జాగీరే. పెత్తనం మాత్రం మాస్కోనుంచి వచ్చిన అధికారి బిత్యగోవ్‌స్కీది. ఖజానా ఆయన చేతిలో, రాణిగారి ఇంటిఖర్చూ ఆయన చేతిలోనే. కోడలికి ఇల్లప్పగించి, బీరువా తాళాలు ఇంకొకరి బొడ్డున దోపినట్టన్నమాట! డబ్బు దగ్గర ఆయనకీ, రాణి అన్నదమ్ములకీ తగువులు.

1591 మే 15, మిట్టమధ్యాహ్నం. ఎనిమిదేళ్ల దిమిత్రి పెరట్లో పిల్లలతో కత్తి విసిరే ఆట ఆడుతూ, గొంతు తెగి పడిపోయాడు. తల్లి పరుగున వచ్చింది. చేతికందిన కట్టె పుచ్చుకుని, పిల్లవాణ్ణి కనిపెట్టుకుని ఉండవలసిన దాదిని బాదింది. చర్చి గంట గణగణా మోగింది. ఊరంతా పోగయింది. అధికారి మనుషులే చంపారన్న కేక వినగానే జనం రెచ్చిపోయారు. బిత్యగోవ్‌స్కీతో సహా పదిహేనుమందిదాకా హతమయ్యారు.

నాలుగురోజులకి వసీలీ షూయిస్కీ అనే ప్రభువు విచారణకి దిగాడు. పిల్లవాడికి మూర్ఛ వచ్చి, తన కత్తి తనకే గుచ్చుకుందని తేల్చారు. తల్లిని సన్యాసినిని చేసి మఠంలో పెట్టారు. ఊరివాళ్లలో కొందరికి మరణశిక్ష, మరెందరికో సైబీరియా ప్రవాసం. జనాన్ని పోగుచేసిన నేరానికి గంటనీ వదలలేదు. కిందికి తోసి, నాలుక పీకి, 'చెవి' కోసి, సైబీరియాలోని తొబోల్స్క్‌కి పంపేశారు. కొరడాదెబ్బలు కూడా కొట్టించారని చెప్పుకుంటారు. 320 కిలోల లోహపు ముద్దకి!

నవ్వొస్తోంది కదూ? నాకూ వచ్చింది. కాని తర్వాతి కథ చదివాక ఆ నవ్వు కాస్తా పోయింది.

1605లో, "నేనే దిమిత్రిని, ఆనాడు చావలేదు" అంటూ ఒకడు సైన్యంతో వచ్చి సింహాసనం ఎక్కాడు. షూయిస్కీ మాట మార్చి, అవును, పిల్లవాడు బతికే ఉన్నాడన్నాడు. ఏడాది తిరక్కుండా కుట్ర చేసి అతన్ని చంపించి, తనే జార్ అయ్యాడు. అప్పుడు మూడోమాట: పిల్లవాణ్ణి బొరీస్ గొదునోవ్ చంపించాడు! 1591లో రాజ్యం నడిపినవాడు ఆ గొదునోవే. పాపం, జవాబు చెప్పుకుందామన్నా అప్పటికి ఆయన బతికి లేడు. చనిపోయిన దిమిత్రిని పరిశుద్ధుడన్నారు.

మరి ఆ తల్లి? మఠంనుంచి రప్పించి ఆ వచ్చినవాణ్ణి చూపిస్తే, నా కొడుకేనని కావలించుకుంది. వాడు చచ్చాక కాదంది. అబద్ధమాడిందని తేల్చేయడం సులువే. నవలలు రాసుకునే నా బుద్ధి మాత్రం ఆ కౌగిలింత దగ్గరే ఆగిపోయింది. పధ్నాలుగేళ్ల తర్వాత 'అమ్మా' అన్న పిలుపు వినబడితే, కాదనడానికి ఎంత గుండె కావాలి? భయమో, ఆశో, మఠం తలుపు తెరుచుకుందన్న ఆత్రమో ఆవిడకే తెలియాలి.

ఊరివాళ్లు గంటని మరిచిపోలేదు. అర్జీలు పెట్టుకుని, దాదాపు 300 ఏళ్లకి, 1892లో ఇంటికి తెచ్చుకున్నారు. పాతది సైబీరియాలో అగ్నిప్రమాదంలో కరిగిపోయింది, ఇది వేరేదనేవాళ్లూ ఉన్నారు. ఏదైతేనేం, దిమిత్రి పేర వోల్గా ఒడ్డున కట్టిన ఎర్రని చర్చిలో దానికి చోటు దొరికింది. పెరట్లో ఆనాడు ఏం జరిగిందో మాత్రం ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పలేరు.

మా అమ్మమ్మ గడపని కొట్టింది నా ఏడుపు మాన్పించడానికి. ఆ దొరలు గంటని కొట్టించిందీ ఒక ఊరి ఏడుపు మాన్పించడానికే. అయితే అమ్మమ్మ గడపని కొట్టాక నన్ను ఎత్తుకుని చంకనేసుకునేది. ఊగ్లిచ్‌లో ఆ తల్లిని దగ్గరికి తీసుకున్నవాళ్లు ఒక్కరూ నాకు కనబడలేదు.