ఏకాంత ప్రార్థనా స్థలములు: మేము చూచినవి, నేర్చుకొన్నవి



మన అధ్యక్షఖండము నూరేండ్ల పండుగ చేసికొనుచున్న ఈ సమయమున, ఈ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని పెద్దలు మమ్ము కోరిరి. దేవాలయములు కట్టినవారిని గూర్చి, పాఠశాలలు, ఆసుపత్రులు నడిపినవారిని గూర్చి వ్రాయుటకు మాకంటె తగినవారు కలరు. మేము మఠంపల్లిలో సేవ చేయుచున్నవారము. మఠమను మాటను తన పేరులోనే పెట్టుకొన్న ఊరు ఇది. కావున పనిపాటలు కొన్నాళ్లు ప్రక్కనబెట్టి దేవుని సన్నిధిని గడుపుటకు మనుష్యులు ఏర్పరచుకొన్న స్థలములను గూర్చి, వాటిలో మేము కన్నులార చూచినవాటిని గూర్చి నాలుగు మాటలు వ్రాయ తలచితిమి. అట్లు వెళ్లి గడుపుటనే నేడు మనము రిట్రీటు అనుచున్నాము.

అయితే ముందుగా మా తప్పిదము నొకదానిని ఒప్పుకొనవలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట, వరినాట్లు ముమ్మరముగా సాగుచున్న దినములలో, మేము దూరప్రాంతములోని యొక కేంద్రమునకు అయిదు దినముల రిట్రీటునకై వెళ్లితిమి. అప్పటికి మేము మిక్కిలి అలసియుంటిమి. ఆదివారము రెండు ఊళ్లలో ఆరాధన, వారములో పెండ్లిండ్లు, భూస్థాపనలు, అన్నదమ్ముల తగవులు, కమిటీ లెక్కలు. నోరు ప్రార్థించుచున్నను హృదయము ఎండిన చెరువువలె నుండెను. అక్కడి నియమము చొప్పున ఫోనును కార్యాలయములో అప్పగించితిమి. మౌనము, వాక్యధ్యానము, చెట్లనీడ, వేళకు భోజనము. మా ప్రాణము సేదదీరెను. ఇందులో దాచవలసినది లేదు.

తిరిగివచ్చి బస్సు దిగినప్పుడు సంగతి తెలిసినది. మా సంఘములోని యొక వృద్ధమాత ప్రభువునందు నిద్రించెను. నలువది ఏండ్లు నాట్లకు, కలుపులకు కూలికి పోయిన తల్లి ఆమె. ప్రతి ఆదివారము ముందు చాపమీద కూర్చుండెడిది. అయ్యగారి చేత సంస్కారము తీసికొనవలెనని రెండు దినములు అడిగెనట. కడకు సంఘపెద్దలే ప్రార్థించి, వారే భూస్థాపన చేసిరి. మేము పరామర్శకు పోగా ఆమె కుమార్తె యిట్లనెను: "అయ్యగారూ, అమ్మ మీకోసం రెండు దినాలు తలుపుదిక్కే చూసింది. అయ్యగారు మనకోసమే ప్రార్థన చేసుకోను పోయిండ్రని చెప్పి ఊకోబెట్టినం."

ఆ మాటలో కోపము లేదు. కోపముండినయెడల మాకు కొంత తేలికగానే యుండెడిది. నిజముగా మేము వారికొరకే ప్రార్థింప వెళ్లితిమా, లేక వారినుండి తప్పించుకొనుటకు వెళ్లితిమా? నాటినుండి ఏ ప్రార్థనా స్థలమునకు పోయినను ఈ ప్రశ్నను వెంటబెట్టుకొనియే పోయితిమి. ఈ వ్యాసము దానికి జవాబు వెదకుటయే.

ముందుగా మన జిల్లాలోనే చూతము. సూర్యాపేట ప్రాంతములో ఫణిగిరి కొండమీద బౌద్ధ భిక్షువుల విహారములు, స్తూపములు, చైత్యములు బయల్పడినవి. క్రీస్తు పుట్టుకకు దాదాపు ఒక శతాబ్దము ముందునుండి కొన్ని వందల యేండ్లు అవి వర్ధిల్లెను. మనకు ఎగువన కృష్ణ యొడ్డుననున్న నాగార్జునకొండలో మూడవ శతాబ్దమున, ఇక్ష్వాకు రాజుల కాలములో, అనేక విహారములు వెలసెను. 1954 నుండి 1960 వరకు అక్కడ త్రవ్వకములు జరిగినవి. పిమ్మట ఆ లోయ నాగార్జునసాగరు నీట మునిగెను. శిల్పములను కొండమీదికి చేర్చిరి. ఆ కొండయే నేడు నీటినడుమ ద్వీపము.

మేము ఫణిగిరికి యువజనులతో వెళ్లినప్పుడు ఆ భిక్షువుల గదుల పునాదులు చూచితిమి. ఒకడు పండుకొని లేచుటకు చాలినంత చోటు. వారి నియమమొకటి మమ్మును ఆలోచింపజేసెను. వానకాలమున భిక్షువు ఒక్కచోట నిలిచి ధ్యానింపవలెను. వానలు వెనుకబట్టగానే మరల సంచారమునకు బయలుదేరవలెను. మరియు అతడు తినెడి అన్నము దిగువ పల్లెలో అడిగి తెచ్చుకొన్నదే. కావున విహారము ఊరికి మరీ దగ్గర కాదు, మరీ దూరము కాదు. వారి మతము వేరైనను, ధ్యానించువాడు కూడ పల్లెవాని కష్టమునే తినుచున్నాడను సత్యము మనకును వర్తించును.

క్రైస్తవ సంఘ చరిత్రలోను ఇట్టిదే జరిగినది. ఐగుప్తు ఎడారిలో అంతోని భక్తుడు పాడుబడిన కోటలో ఇంచుమించు ఇరువదియేండ్లు ఒంటరిగా గడిపెను. తరువాత బయటికి వచ్చి అనేకులకు ఆదరణ చెప్పెను. నాలుగవ శతాబ్దమునందే కైసరయ బిషప్పు బసిలు, ఒంటరిగా నుండువానికి సేవ చేయుటకు పొరుగువాడెక్కడ దొరకునని అడిగి, సన్యాసులను సమూహముగా బ్రతుకుమని బోధించెను. రోగులకును బీదలకును బాటసారులకును ఆశ్రయముగా నొక గొప్ప ధర్మశాలను తన పట్టణము వెలుపల కట్టించెను.

మన తెలుగు దేశములో ఇట్టి స్థలములన్నిటిలో మా మనస్సును మిక్కిలి కదలించినది ఒంగోలులోని ప్రార్థనా కొండ. కృష్ణ దాటి, పల్నాడు మీదుగా ఒక చిన్న బృందముగా వెళ్లి, తెల్లవారకముందే దానిని ఎక్కితిమి. 1854 జనవరి 1వ తేదీ వేకువను నెల్లూరు మిషనుకు చెందిన లైమన్ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తము అయిదుగురు ఆ కొండపై మోకరించిరి. ఆ ముగ్గురిలో జూలియా, రూతు అను స్త్రీలు కలరు. ఆ కాలమున నెల్లూరు మిషను ఫలించుట లేదు గనుక దానిని మూసివేయవలెనని అమెరికాలో వాదములు నడుచుచుండెను. ఒంగోలుకు ఒక సేవకుని పంపుమని ఆ అయిదుగురు అడిగిరి. పండ్రెండు సంవత్సరములు గడచిన తరువాత, 1866లో, జాన్ క్లౌ దొరగారు ఒంగోలుకు వచ్చిరి.

మనము సాధారణముగా ఈ కథను ఇంతటితో ఆపి హల్లెలూయ అందుము. తరువాతి భాగము అంతకంటె ముఖ్యమని మాకు తోచినది. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమును గొప్ప కరవు పీడించెను. అప్పుడు క్లౌగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగమును కంట్రాక్టు తీసికొని, ఆకలితో నున్న వేలమందికి కూలి దొరకునట్లు చేసిరి. బోధకులే మేస్త్రీలై పని చూచుకొనుచు, పని ఆగిన వేళల వాక్యము చెప్పిరి. అన్నముకొరకు మతము పుచ్చుకొనిరన్న నింద రాకుండునట్లు కరవు దినములలో ఆయన బాప్తిస్మము లియ్యలేదు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కొండమీది ప్రార్థన మట్టితట్టలు మోసిన కూలివారి మధ్యకు దిగివచ్చినది. రూపాంతర కొండపై పేతురు మూడు పర్ణశాలలు కట్టుదమనెను గాని, ప్రభువు అందుకు ఒప్పుకొనక, దిగువన రోగియైన కుమారునితో కనిపెట్టుచున్న తండ్రి యొద్దకు దిగివచ్చెను గదా. ఒంగోలు కొండ ఆ పాఠమునే చెప్పుచున్నది.

ఇక ఆశ్రమములు. మన దేశపు క్రైస్తవులు విదేశీ పద్ధతిని విడిచి, మన నేల అలవాట్ల ప్రకారము ప్రార్థనా జీవితము గడుపవలెనని కోరిన కాలమొకటి వచ్చెను. 1921లో తమిళనాడులోని తిరుపత్తూరులో జేసుదాసన్, ఫారెస్టర్ పేటన్ అను ఇద్దరు వైద్యులు క్రీస్తుకుల ఆశ్రమము స్థాపించిరి. ఒకరు భారతీయుడు, ఒకరు స్కాట్లండు దేశస్థుడు. ఇద్దరును అవివాహితులుగా, అన్నదమ్ములవలె సమానులై జీవించిరి. తెల్లవాడు యజమాని, నల్లవాడు సేవకుడు అను ఆ దినములలో అది చిన్న సంగతి కాదు. ప్రార్థనకు ప్రక్కనే వైద్యశాల. అక్కడి ప్రార్థనా మందిరము ద్రావిడ దేవాలయముల పోలికను కట్టబడినది. 1930లో స్టాన్లీ జోన్స్‌గారు నైనితాలు దగ్గర సాత్‌తాల్ ఆశ్రమము ప్రారంభించిరి. అక్కడ మరుగుదొడ్లు కడుగు పనివానికి సెలవిచ్చి ఆ పనిని అతిథులే చేసెడివారు. 1950లో కావేరి యొడ్డున కుళిత్తలై సమీపమున ఇద్దరు ఫ్రెంచి గురువులు, మోన్షనెన్, లె సో అనువారు, శాంతివనము స్థాపించిరి. 1968 నుండి 1993లో మరణించువరకు బీడ్ గ్రిఫిత్స్‌గారు అక్కడ నుండిరి. మేము శాంతివనములో రెండు దినములుండి, నేలమీద కూర్చుండి భుజించి, ఏటియొడ్డున మౌనముగా నడిచితిమి. ఆ సంగతులన్నియు మన వేదాంతముతో ఏకీభవించునని చెప్పజాలము. అయినను మాటలు తగ్గించి దేవుని సన్నిధిని ఊరక కూర్చుండుట మావంటి ప్రసంగీకులకు ఎంత కష్టమో అక్కడ తెలిసినది.

డోర్నకల్‌ను మరువరాదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొందిన అజరయ్యగారు ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పు. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ కతీడ్రలులో హిందూ, మహమ్మదీయ, క్రైస్తవ నిర్మాణ రీతులు కలిసియున్నవి. ఒక మధ్యాహ్నమంతయు మేము ఒంటరిగా అందులో కూర్చుంటిమి. అజరయ్యగారు ముఖ్యపాత్ర వహించిన మరియొక ఏకాంత కూటము జ్ఞాపకమునకు వచ్చినది. 1919 మే నెలలో తరంగంబాడిలో వివిధ సంఘముల గురువులు కొలదిమంది కూడుకొని ప్రార్థించి, ఆలోచించి, ఐక్యతను కోరుచు ఒక ప్రకటన చేసిరి. ఇరువది యెనిమిదేండ్లు గడచినవి. 1945 జనవరి 1న అజరయ్యగారు ఫలము చూడకయే మరణించిరి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. కొలదిమంది కొన్ని దినములు విడిగా కూర్చుండుటవలన ఏమి ప్రయోజనమని అడుగువారికి ఇదియే జవాబు.

ఇప్పుడు మరల మా ఊరికి వచ్చెదము. మా మండలములోనే కృష్ణ యొడ్డున మట్టపల్లి నరసింహ క్షేత్రమున్నది. మ్రొక్కుకొన్నవారు దినముల తరబడి అక్కడ ఉందురు. జాన్‌పహాడు దర్గాకు అన్ని మతములవారు పోవుదురు. మఠంపల్లిలో కత్తోలిక సహోదరుల శుభవార్త దేవాలయము పేరుపొందినది. నెమ్మది వెదకువారు మన చుట్టు ఇందరు కలరు. అయితే మన సంఘములో ఎక్కువమందికి రిట్రీటు అందని పండు. మేము ఒకసారి పిలిచినప్పుడు ఒక సహోదరి సూటిగా అడిగెను: "మూడు దినాలు కూలి పోతే ఇంట్ల పొయ్యి ఎట్ల వెలిగిద్దయ్యగారూ? మేము దేవునికి అక్కరలేదా?" సాగరు ఎడమ కాలువ నీరు వచ్చినప్పుడు నాట్లు, తరువాత కోతలు, ఆ పిమ్మట మిరపకాయ ఏరుట. తీరికను చూచి తేదీలు పెట్టినది మేము. వారి తీరికను అడుగలేదు.

అందుచేత రెండు పనులు చేసితిమి. మొదటిది, నాట్ల దినములలో కూలి ఆటోలు బయలుదేరకముందే, తెల్లవారుజామున నాలుగున్నరకు దేవాలయము తలుపులు తెరచుట. ప్రసంగము లేదు, మైకు లేదు. చాపలు పరచియుండును. వచ్చినవారు అరగంట మౌనముగా కూర్చుండి, కడపట ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పుకొని, అన్నపు డబ్బాలు చేతబట్టి వెళ్లుదురు. మొదట ముగ్గురు స్త్రీలు వచ్చిరి. తరువాత కొందరు కూడిరి. కొన్ని దినములు మేమొక్కరమే. రెండవది, మేము ఊరు విడిచి వెళ్లవలసివచ్చినప్పుడు మంచము పట్టినవారి ఇండ్లకు ముందుగా పోయి, సంస్కారమిచ్చి, సెలవు తీసికొని వెళ్లుట. ఇది ఏ వేదాంత కళాశాలలోను మాకు పాఠముగా చెప్పబడలేదు. ఆ వృద్ధమాత మరణము నేర్పినది.

మార్కు సువార్త ఆరవ అధ్యాయమును చదువుడి. భోజనమునకైనను తీరికలేని శిష్యులను ప్రభువు విశ్రాంతికై నిర్జన స్థలమునకు తీసికొనిపోయెను. కాని దోనె చేరకముందే జనులు అక్కడికి చేరియుండిరి. ప్రభువు వారిని పొమ్మనలేదు. బోధించెను, సాయంకాలమున అన్నము పెట్టెను, ఆ తరువాతనే తానొక్కడే కొండకు ప్రార్థింప వెళ్లెను. విశ్రాంతి అక్కరలేదని ఆయన అనలేదు. జనులు అడ్డమనియు అనలేదు.

శతజయంతి జ్ఞాపకార్థము ఒక రిట్రీటు గృహము కట్టవలెనను మాట కొందరి నోట వినుచున్నాము. మేము సంతోషించుచున్నాము. అయితే మా మనవి యిది. అది బస్సు దిగి నడువగల దూరములో నుండవలెను. కూలిచేసికొను స్త్రీ ఒక దినపు కూలితో అక్కడ రెండు దినములుండగలుగవలెను. పొలము పనులు తగ్గు మే నెలలో మొదటి చోటు వారిదే కావలెను. పాత్రలు కడుగుట గురువులతో మొదలుకావలెను. ఇంటిదగ్గర రోగియున్నవానికి కబురందు దారి మూసివేయరాదు.

గడచిన నూరేండ్లలో మన పితరులు ఏ కొండనెక్కినను ఎవరినో మనస్సున పెట్టుకొని ఎక్కిరి, వారియొద్దకే దిగివచ్చిరి. ఆ వృద్ధమాత కూర్చుండిన చాప నేటికిని మా దేవాలయములో ముందు వరుసలోనే యున్నది. వేకువను మేము దాని ప్రక్కనే కూర్చుండుచున్నాము. ఏకాంతమునకు పోవు మనలనందరిని ప్రభువు తన సన్నిధిని సేదదీర్చి, మనకొరకు తలుపుదిక్కు చూచుచున్నవారి యొద్దకు క్షేమముగా తిరిగి చేర్చునుగాక. ఆమేన్.