కొత్త పిండి మర: చోళ్ళు పోసే ముందు శుభ్రం చేయడం, బిగించుకోవడం

అనకాపల్లి జిల్లా చోడవరం చుట్టుపక్కల చెరకు, వరి ప్రధాన పంటలు. మాడుగుల దాటి పాడేరు వైపు ఎక్కితే కొండవాలు పొలాల్లో చోడి కనిపిస్తుంది. చోళ్ళను గింజగా కాకుండా పిండి పట్టి అమ్మితే నాలుగు డబ్బులు ఎక్కువ మిగులుతాయని చిన్న రైతులు, మహిళా సంఘాలు బల్ల మీద బిగించుకునే 1, 2 హెచ్.పి. మరల వైపు చూస్తున్నారు. రెండు ఇనుప ప్లేట్ల మధ్య గింజ నలిగే రకం మర గురించే ఇక్కడ చెబుతున్నాం.

మర ఇంటికి రాగానే గింజ పోసి చూడాలనిపిస్తుంది. ఆ తొందర వద్దు. కొత్త మరకు తుప్పు పట్టకుండా పూసిన నూనె, పోత పోసినప్పుడు మిగిలిన ఇసుక, ప్లేట్ల గాళ్ళలో ఇరుక్కున్న ఇనుప రజను ఉంటాయి. కడగకుండా ఆడిస్తే ఇవన్నీ మొదటి పిండిలోకి దిగుతాయి. చోడి పిండితో పసిపిల్లలకు జావ కాస్తారని మరవకూడదు. పైగా నూనె వాసన వేసిన పిండి కొన్నవారు రెండోసారి మన దగ్గరకు రారు.

విప్పి కడగడం

ముందు ప్లగ్ తీసేయాలి. తొట్టి, ప్లేట్లు, పిండి పడే గొట్టం విప్పేటప్పుడు ఏ నట్టు ఎక్కడిదో ఫోన్‌లో ఫోటో తీసుకుంటే తిరిగి బిగించడం తేలిక.

గింజ, పిండి తగిలే భాగాలకు కిరసనాయిలు వాడకూడదు. ఆ వాసన ఒక పట్టాన పోదు. పొడి నూలు గుడ్డతో జిడ్డు తుడిచి, వేడి నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బుతో రుద్దాలి. ప్లేట్ల గాళ్ళలోకి బ్రష్ వెళ్ళాలి. తెల్ల గుడ్డతో తుడిస్తే నల్లమరక అంటనంత వరకు రెండు మూడుసార్లు కడగాలి. కడిగిన వెంటనే తుడిచి ఎండలో పెట్టాలి. వానాకాలంలో అయితే పొయ్యి దగ్గర ఆరబెట్టాలి. తడి ప్లేటును రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రగా తుప్పు పడుతుంది. బాగా ఆరాక వంట నూనె పలుచగా రాసి, ఆడించే ముందు దాన్ని కూడా తుడిచేయాలి. మందంగా రాస్తే ముక్కవాసన వస్తుంది.

ఇరుసు, పుల్లీ వంటి బయటి భాగాల జిడ్డుకు కిరసనాయిలు తడిపిన గుడ్డ వాడవచ్చు. అది పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వాలి. మోటారు మీద, బేరింగుల మీద నీళ్ళు పోయకూడదు.

తొట్టి లోపలి రంగును గోరుతో గీకి చూడండి. పెచ్చులు లేస్తే ఆడించకుండా దుకాణంవారిని స్టీలు తొట్టి అడగాలి.

బిగించడం

ఊగే చెక్క బల్ల పనికిరాదు. సిమెంటు దిమ్మె గానీ, గట్టి ఇనుప స్టాండు గానీ ఉండాలి. మట్టం చూడటానికి పళ్ళెంలో నీళ్ళు పోసి మర పక్కన పెట్టినా తెలుస్తుంది. నాలుగు కాళ్ళూ ఆనకపోతే రేకు ముక్క పెట్టి సరిచేయాలి. బోల్టులను ఎదురు మూలల వారీగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక పక్కే బిగిస్తే అడుగు వంకర పోతుంది.

రెండు పుల్లీల ముఖాల మీదుగా దారం లాగితే ఒకే గీతలో ఆనాలి. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగితే చాలు. బెల్టు మీద రక్షణ మూత లేకుండా మర నడపవద్దు. చీర కొంగు, తువ్వాలు, విరబోసుకున్న జుట్టు పట్టుకుంటే స్విచ్ ఆపేంత సమయం ఉండదు.

కరెంటు

1 హెచ్.పి. అంటే 746 వాట్లు. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. అందుకే ఫ్యాన్, లైటు ప్లగ్ కాకుండా 16 ఆంపియర్ల సాకెట్, మోటారుకు తగిన మందం రాగి తీగ, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఈ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. మోటారు తిరగకుండా మూలిగితే ఓల్టేజీ తక్కువ ఉందనో, కెపాసిటర్ పోయిందనో అనుమానించాలి. వెంటనే ఆపకపోతే వైండింగ్ కాలుతుంది. బోరుకు ఇచ్చిన ఉచిత విద్యుత్ కనెక్షన్ నుంచి తీగ లాగి మర నడపకూడదు. అద్దెకు పిండి పట్టేవారు ఏ కేటగిరీ కనెక్షన్ కావాలో ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అడగాలి.

మొదటి ఆట

ప్లేట్లను పూర్తిగా వదులు చేసి, గింజ లేకుండా రెండు నిమిషాలు తిప్పాలి. బాణం గుర్తు ఉన్న వైపే తిరుగుతోందా, ఎక్కడైనా ఇనుము ఒరుసుకుంటోందా చూడాలి. గింజ లేకుండా ప్లేట్లను ఎప్పుడూ ఆనించకూడదు. నిప్పురవ్వలు లేస్తాయి, పళ్ళు అరిగిపోతాయి.

తర్వాత చౌక నూకలు రెండు మూడు కిలోలు పోసి, ప్లేట్లను మెల్లగా దగ్గర చేస్తూ ఆడించాలి. ఆ పిండిని పారేయాలి, పశువులకూ పెట్టకూడదు. అయస్కాంతానికి పలుచటి ప్లాస్టిక్ కవరు చుట్టి, తర్వాత వచ్చిన పిండిలో కలియతిప్పండి. కవరుకు నల్ల రజను అంటుతుంటే మరో కిలో నూకలు ఆడించాలి. చోళ్ళలో ఇనుము ఉంటుందని అందరూ చెబుతారు గానీ, ఆ ఇనుము ఇది కాదు!

ఇక చోళ్ళు. చేటతో చెరిగి, ఇసుక, మట్టిగడ్డలు తీసేయాలి. పంటి కింద టక్కున విరిగేంతగా ఎండితేనే పిండి జల్లెడ దిగుతుంది. ఒకేసారి మెత్తగా పట్టకుండా మొదట రవ్వలా, రెండోసారి పిండిలా ఆడిస్తే మోటారుకు భారం తగ్గుతుంది, పిండీ వేడెక్కదు. గొట్టం కింద చెయ్యి పెడితే చురుక్కుమనే వేడి ఉంటే ప్లేట్లు వదులు చేయాలి. వెచ్చని పిండిని కవర్లలో కడితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. గుడ్డ మీద పరిచి చల్లార్చాకే కట్టాలి.

సామలు, కొర్రలు ఈ మరలో నేరుగా పోయవద్దు. వాటి పొట్టు తీయడానికి వేరే యంత్రం ఉండాలి. ప్లేట్ల మరలో పోస్తే పొట్టు కూడా పిండిలో కలిసిపోతుంది.

కొత్త బెల్టు కొద్ది రోజుల్లోనే సాగుతుంది, అదురుకు బోల్టులు వదులవుతాయి. వారం, పది రోజులు ఆడించాక ప్లగ్ తీసి ఈ రెండూ మళ్ళీ బిగించుకోవాలి.