క్రైస్తవ బాలవాఙ్మయమున ఉపదేశ పద్ధతులు

ఉపదేశము మూడు విధములని మన యాలంకారికులు నిర్ణయించిరి. వేదము ప్రభువువలె శాసించును. పురాణేతిహాసములు మిత్రునివలె హితము చెప్పును. కావ్యము కాంతవలె మనసు కరగించి తన మాట వినునట్లు చేయును. ప్రభుసమ్మితము, సుహృత్సమ్మితము, కాంతాసమ్మితము అను నీ విభాగమును మమ్మటుడు కావ్యప్రకాశమునందును, ఓరుగంటి విద్యానాథుడు ప్రతాపరుద్రీయమునందును ప్రతిపాదించిరి. సంస్కృత వాఙ్మయమును దృష్టియందుంచుకొని చేయబడిన విభాగమే యైనను, ఇది యితర భాషావాఙ్మయములను పరిశీలించుటకు కూడ నుపకరించును. విశ్వాసమును, సచ్ఛీలమును బోధించుటయే ప్రధానప్రయోజనముగా వెలసిన క్రైస్తవ బాలవాఙ్మయము ఇందులకు తగిన లక్ష్యము. ముఖ్యముగా ఆంగ్లమున పదునేడవ శతాబ్దినుండి యిరువదవ శతాబ్ది మధ్యమువరకు వెలువడిన బాలగ్రంథములను గైకొని, ఉపదేశము ఏ మార్గమున బాలుని హృదయమును చేర యత్నించినదో, ఆ యత్నమున నేమి సాధించినదో, ఏమి కోల్పోయినదో విచారించుట యీ వ్యాసోద్దేశము.

ఈ వాఙ్మయమునకు పునాది ప్రశ్నోత్తర గ్రంథము. మార్టిన్ లూథరు 1529లో జర్మను భాషలో లఘు ప్రశ్నోత్తరిని ప్రకటించెను. అంతకు కొంచెము ముందు సాక్సనీ ప్రాంతపు సంఘములను దర్శించినపుడు సామాన్యజనుల యజ్ఞానమును చూచి కలత చెంది, గృహయజమానులు తమ బిడ్డలకును, సేవకులకును బోధించుటకు వీలగునట్లు ఆయన దీనిని కూర్చెను. పది యాజ్ఞలు, విశ్వాస ప్రమాణము, ప్రభు ప్రార్థన మున్నగునవి యందలి విషయములు. ఒక్కొక్క వాక్యము చెప్పి, దీని యర్థమేమని యడిగి, సమాధానమును కంఠస్థము చేయించుట యందలి పద్ధతి. ప్రభుసమ్మితోపదేశమునకు ఇంతకంటె స్పష్టమైన యుదాహరణము లేదు. ఈ పద్ధతికి తెలుగుతోడి సంబంధము మిక్కిలి ప్రాచీనమైనది. చెన్నపట్టణమున బోధకుడుగా నుండి స్వదేశమునకు మరలిన బెంజమిన్ షుల్జ్ జర్మనీలోని హాలె నగరమున 1746లో తెలుగున ఒక లఘు క్రైస్తవ ప్రశ్నోత్తరిని అచ్చు వేయించెను. తెలుగు లిపిలో ముద్రితమైన తొలి గ్రంథములలో నది యొకటి. మన ముద్రణచరిత్రయొక్క తొలిపుటలలోనే గురుశిష్యుల ప్రశ్నోత్తరములు ధ్వనించుచున్నవన్నమాట.

ప్రశ్నోత్తరి జ్ఞాపకమునకు పని కల్పించునే గాని, ఒక మానవుని కన్నులయెదుట నిలుపదు. ఆ కొరతను తీర్చుటకు దృష్టాంత కథలు బయలుదేరినవి. జేమ్సు జేన్వే యను ప్యూరిటన్ బోధకుడు 1671, 1672 సంవత్సరములలో రెండు భాగములుగా 'ఎ టోకెన్ ఫర్ చిల్డ్రన్' అను గ్రంథమును ప్రకటించెను. భక్తితో జీవించి, బాల్యముననే సంతోషముగా మరణించిన పదుమువ్వురు బాలబాలికల వృత్తాంతములు అందు కలవు. నేటి పాఠకునకు ఆ మరణవర్ణనములు వెగటు గలిగింపవచ్చును. కాని 1665లో లండను నగరమును మహామారి నాశనము చేసి కొలది యేండ్లే యైనదనియు, శిశుమరణము ఆ కాలమున ప్రతి గృహమునకును తెలిసిన దుఃఖమనియు మరువరాదు. బిడ్డ బ్రతుకునో లేదో యను భయమే యా గ్రంథమును వ్రాయించినది. జేన్వే బాలుని చిన్నచూపు చూడలేదు. పెద్దవానితో సమానముగా మోక్షమునకు బాధ్యునిగా నెంచెను. అందులోనే గౌరవమును కలదు, క్రూరత్వమును కలదు. అమెరికాలో కాటన్ మేథరు 1700లో ఆ దేశపు బాలుర వృత్తాంతములను చేర్చి యీ పద్ధతినే కొనసాగించెను.

భయమునకు బదులుగా ఆనందమును సాధనముగా గ్రహించినవారిలో ఐజాక్ వాట్సు ముఖ్యుడు. ఆయన 1715లో బాలురకొరకు 'డివైన్ సాంగ్సు' అను గేయసంపుటిని వెలువరించెను. పద్యము వినుట కింపుగా నుండుననియు, చిరకాలము జ్ఞాపకముండుననియు, ఏకాంతమున బాలుని మనసునకు తోడగుననియు పీఠికలో వాదించెను. ఉన్నత కుటుంబములవారును, నిరుపేదలును, రాజసమ్మత సంఘమువారును, తద్భిన్నులును కలిసి పాడుకొనదగునట్లు వ్రాసితినని కూడ చెప్పెను. సుమతీశతకమును వల్లించిన తెలుగు బాలునకు ఈ వాదము క్రొత్త గాదు. ఐనను అన్నా బార్బాల్డు అను రచయిత్రి 1781లో తన 'హిమ్సు ఇన్ ప్రోజ్' గ్రంథపీఠికలో దీనిపై సందేహమును వెలిబుచ్చెను. బాలుని శక్తికి తగినట్లు కవిత్వమును దించుట తగునా యని ప్రశ్నించి, లయాన్వితమైన గద్యమున ప్రకృతిద్వారా దైవమును చూపుటకు యత్నించెను. వాట్సు గేయములకు కలిగిన వ్యాప్తి యెంతటిదనగా, 1865లో వెలువడిన 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండు' గ్రంథమున లూయిస్ కారల్ వానిని వికటానుకరణము చేయగా బాలపాఠకులు తక్షణమే గుర్తింపగలిగిరి. కంఠస్థమైన నీతి పరిహాసమునకు గురి యగుట కూడ నొక చారిత్రక సాక్ష్యమే.

1780లో గ్లాస్టరు నగరమున రాబర్టు రెయిక్సు స్థాపించిన ఆదివారపు పాఠశాలతో నీ వాఙ్మయము క్రొత్త దశను ప్రవేశించినది. వారమంతయు పనిచేయు బీదబిడ్డలకు ఆ దినమున చదువు నేర్పిరి. చదువ నేర్చినవారికి పుస్తకములు కావలసివచ్చినవి. 1799లో లండనున రెలిజియస్ ట్రాక్టు సొసైటీ యేర్పడెను. అల్ప మూల్యమునకు లభించు కరపుస్తకములు, బహుమాన గ్రంథములు దానివలన విస్తరిల్లినవి. వీనితోపాటు గ్రంథములపై కాపలాయు పెరిగినది. సారా ట్రిమ్మరు 1802 మొదలు 1806 వరకు నడపిన 'ది గార్డియన్ ఆఫ్ ఎడ్యుకేషన్' అను పత్రిక బాలగ్రంథములను విమర్శించుటయే పనిగా పెట్టుకొని, అప్సరసల కథలు పసివారికి తగవని హెచ్చరించెను. కల్పన యసత్యమునకు చుట్టమను శంక యీ సంప్రదాయమును చిరకాలము విడువలేదు.

ఈ దశకు ప్రతినిధి యగు మేరీ మార్తా షెర్‌వుడ్ భారతదేశముతో సంబంధము కలది. సైనికాధికారి యగు భర్తతో 1805లో కలకత్తా చేరి, 1816 వరకు నీ దేశముననే యుండి, సైనికుల బిడ్డలకు పాఠశాలలు నడపెను. తన బిడ్డలను కొందరిని ఇచటనే పోగొట్టుకొనెను. 1814లో వెలువడిన 'లిటిల్ హెన్రీ అండ్ హిస్ బేరర్' ఆమెకు విశేషఖ్యాతిని తెచ్చినది. తల్లిదండ్రులు లేని యొక యాంగ్ల బాలుడు బూసీ యను భారతీయ సేవకుని చేతులలో పెరుగును. ఒక యువతివలన క్రైస్తవ విశ్వాసమును గ్రహించును. దానిని సేవకునకు బోధించి, యెనిమిదేండ్ల ప్రాయమున మరణించును. బాలునకును, సేవకునకును గల మమకారమును చిత్రించుటలో రచయిత్రి హృదయము స్పష్టముగా పలుకును. కాని యీ దేశపు మతములను గూర్చి ఆమె వ్రాసిన మాటలలో పాలకజాతి తిరస్కారభావము దాగలేదు. ప్రేమను నేర్పవచ్చిన గ్రంథము పరమతద్వేషమును గూడ నేర్పుచున్నచో, బాలుని మనసున నేది నాటుకొనునను ప్రశ్న యీ గ్రంథమును చదువునపుడు తప్పదు.

ఆమెయే 1818లో ప్రకటించిన 'ది ఫెయిర్‌చైల్డ్ ఫ్యామిలీ' ప్రథమభాగమున నొక ఘట్టము కలదు. ముగ్గురు బిడ్డలు బొమ్మకొరకు కలహింతురు. తండ్రి వారిని దండించి, అంతతో నూరకుండక, సోదరుని జంపి యురి తీయబడిన యొకని శవము గొలుసులతో వ్రేలాడుచున్న చోటికి కొనిపోయి, కోపము తుదకిట్లు పరిణమించునని చూపును. తరువాత వెలువడిన కొన్ని కూర్పులలో నీ ఘట్టమును తొలగించిరి. ఇది గమనింపదగిన విషయము. దానిని తొలగించినవారు ఆ మతమునకు శత్రువులు కారు; ఆ గ్రంథమును క్రొత్త తరమువారికి అందింపగోరినవారే. భయమువలన పుట్టిన విధేయత విశ్వాసము గాదను విచక్షణ యా సంప్రదాయమునందే క్రమముగా వికసించినది. రచయిత్రియు తన తరువాతి జీవితమున నిత్యదండన సిద్ధాంతమును విడనాడెను.

1866లో పత్రికయందును, మరుసటి యేట పుస్తకరూపమునను వెలువడిన 'జెస్సికాస్ ఫస్ట్ ప్రేయర్' ఈ మార్పునకు తార్కాణము. హెస్బా స్ట్రెటన్ అను మారుపేరుతో సారా స్మిత్ దీనిని రచించెను. త్రాగుబోతు తల్లికి పుట్టి, ఆకలితో వీథులలో తిరుగు జెస్సికా, కాఫీ యమ్ముకొను డేనియలు కొట్టువద్దకు వచ్చును. అతడు దేవాలయమున కాపరిగా గూడ పనిచేయుచు, తన హృదయమును ధనముపై నిలిపినవాడు. దేవుని గూర్చి యేమియు నెరుగని యా బాలిక యడిగిన యమాయకప్రశ్నలే యాతని కన్ను తెరపించును. ఇచట గురుశిష్యుల స్థానములు మారినవి. తండ్రికి తత్త్వము చెప్పిన ప్రహ్లాదుని పోతన భాగవతమున చదివిన మనకు ఈ మార్పుయొక్క బలము సులభముగా తెలియును. ఈ కథ పది లక్షలకు మించిన ప్రతులు చెల్లినది. రచయిత్రి 1884లో లండనున బాలలపై క్రౌర్యమును నివారించు సంఘమును స్థాపించినవారిలో నొకతె యయ్యెను. కథలోని కరుణ కార్యరూపము దాల్చిన యపూర్వ సందర్భమిది.

కాంతాసమ్మిత మార్గమున తరువాతి యడుగు వేసినవాడు జార్జి మెక్డొనాల్డు. ఆయన తన బోధలు సంఘమువారికి రుచింపనందున 1853లో అరండెల్ నగరపు బోధకపదవిని వదలుకొనెను. 1872లో ప్రకటించిన 'ది ప్రిన్సెస్ అండ్ ది గాబ్లిన్' అను కథలో రాజకుమారి ఐరీనుకు గోపురముపై నొక వృద్ధ మాతామహి కనబడి, కంటికి కానరాని నూలు నొసగును. వేలితో తాకుచు పోయినచో నది త్రోవ చూపును. ఆమె స్నేహితుడు కర్డీకి ఆ వృద్ధ కనబడదు, అతడు నమ్మడు. అతనికి సమయమియ్యవలెననియు, తన మాటను నమ్మకున్నను కొంతకాలము సహింపవలెననియు మాతామహి ఐరీనుకు చెప్పును. విశ్వాసమును బలవంతముగా నెక్కింపరాదను భావము ఇచట సిద్ధాంతముగా గాక కథాంగముగా వచ్చినది. దైవము, క్రీస్తు, సంఘము అను మాటలు లేకయే విశ్వాసస్వరూపమిట్లు ధ్వనించుచున్నది.

మెక్డొనాల్డు ఋణమును బాహాటముగా నంగీకరించిన సి. ఎస్. లూయిస్ 1950 మొదలు 1956 వరకు ఏడు 'నార్నియా' కథలను ప్రకటించెను. 1956లో వ్రాసిన యొక వ్యాసమున ఆయన తన బాల్యానుభవమును విమర్శించుకొనెను. దైవమును గూర్చి యిట్లు భావింపవలెనని పెద్దలు విధించుటవలననే తన భావము గడ్డకట్టినదనియు, ఊహాలోకమున నాటిన యవే విషయములు ఆ కాపలాను తప్పించుకొని మనసు చేరగలవనియు ఆయన యభిప్రాయము. మొదట తనకు తోచినవి చిత్రములే కాని బోధ కాదనియు చెప్పెను. ద్రోహియైన బాలునికొరకు తన ప్రాణమిచ్చి మరల లేచిన యస్లాన్ సింహమును చూచి దుఃఖించి, హర్షించిన బాలునకు, క్రీస్తు కథ తెలిసినను తెలియకున్నను, త్యాగము రసముగా నందును. ఇందును లోపములు లేకపోలేదు. 1954 నాటి 'ది హార్స్ అండ్ హిస్ బాయ్' అను కథలోని కాలొర్మెను జాతి చిత్రణమున తూర్పుదేశములవారిపై చులకనభావము కలదని విమర్శకులాక్షేపించిరి. షెర్‌వుడ్ నాటి దోషము రూపము మార్చుకొని నిలిచినది. రసము మనసును తెరచినపుడు మంచితోపాటు చెడుగూడ సులభముగా ప్రవేశించును గదా.

పైవిచారమువలన రెండు విషయములు తేలుచున్నవి. మొదటిది: ఈ మూడు పద్ధతులును ఒకదాని నొకటి నిర్మూలింపలేదు. ప్రశ్నోత్తరి నేటికిని సంఘములయందు చదువబడుచునే యున్నది. శాసనము లేని యెడ విషయము నిలువదు. దృష్టాంతము లేని యెడ ఆచరణము తెలియదు. రసము లేని యెడ హృదయము పలుకదు. రెండవది: బాలుని భయపెట్టియో, పొగిడియో సంపాదించిన యంగీకారము గ్రంథమునకు జయము కాదు. వినకుండుటకు గూడ వానికి స్వేచ్ఛ నిచ్చి, అయినను వినునట్లు చేసినదే యుత్తమగ్రంథము.

తెలుగు క్రైస్తవ బాలవాఙ్మయమును పరిశీలింపగోరు విద్యార్థులకు నీ విభాగము మార్గదర్శకము కాగలదు. 1858లో ఏర్పడి, 1891లో క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీగా పేరు మారిన చెన్నపట్టణపు సంస్థవంటివి దక్షిణభాషలలో పాఠ్యగ్రంథములను, కథాపుస్తకములను వెలువరించినవి. అట్టి గ్రంథములను కేవలము మతప్రచార పత్రములుగా త్రోసివేయుటయు, కేవలము భక్తితో మెచ్చుకొనుటయు పరిశోధకునకు తగదు. ఒక్కొక్క గ్రంథము బాలుని ఏ స్థానమున నిలిపినది? ఆజ్ఞ నందుకొనువానిగనా, అనుకరించువానిగనా, ఆనందించి గ్రహించువానిగనా? అన్యమతస్థుని ఎట్లు చూపినది? భాష బాలునిదా, బోధకునిదా? ఈ ప్రశ్నలు క్రైస్తవగ్రంథములకే పరిమితములు కావు. 1853లో చిన్నయసూరి ప్రకటించిన నీతిచంద్రికకును, మన శతకములకును, నేటి నీతికథాసంపుటములకును ఇవియే వర్తించును. విష్ణుశర్మ రాజపుత్రులకు శాస్త్రము చెప్పక కథ చెప్పుటలోని మర్మమే, పడమటి దేశములలో నాలుగు శతాబ్దుల యనుభవమువలన క్రమముగా వ్యక్తమైనదని చెప్పుట సాహసము కాదు.