లూకా 12:47 చేతిలో పట్టుకుని కొట్టిన యజమాని

మన బైబిల్ స్టడీల్లో ఒక అంశం తీసుకుని దానికి సంబంధించిన వచనాలన్నీ ఏరి రాసుకోవడం అలవాటు. పద్ధతి మంచిదే. ఏరిన వచనం ముందూ వెనకా చదవకపోతే ఏమవుతుందో చరిత్రలో జరిగినదొకటి చెబుతాను.

అమెరికాలో బానిసగా పుట్టి, తప్పించుకుని, గొప్ప వక్త అయిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో తన జీవితకథ అచ్చు వేయించాడు. మేరీల్యాండ్‌లో ఆయన యజమాని థామస్ ఆల్డ్ 1832లో మెథడిస్టుల కూటానికి వెళ్ళి మారుమనస్సు పొందాడట. ఇంట్లో పొద్దునా రాత్రీ ప్రార్థనలు. ఆ మనిషే ఒక అవిటి బానిస యువతిని కట్టేసి, నెత్తురు కారేలా తోలుకొరడాతో కొట్టాడు. సమర్థనగా లూకా 12:47 వల్లించాడు. యజమాని మనసు తెలిసీ దాని ప్రకారం చేయని దాసుడికి చాలా దెబ్బలు పడతాయనే వచనం అది.

'దాసులు' అనే అంశం కింద ఆ ఒక్కటే రాసుకుంటే ఆల్డ్‌ది తప్పని ఎలా అంటాం? రెండు వచనాలు వెనక్కి వెళ్ళండి. యజమాని రాక ఆలస్యమవుతోందని, తోటి దాసులనూ దాసీలనూ కొట్టడం మొదలుపెట్టిన దాసుడు 45లో కనిపిస్తాడు. శిక్ష పడేది వాడికి! ఇంకాస్త వెనక్కి, 41లో, పేతురు అడిగిన ప్రశ్న ఉంది. ప్రభువు రాకడకు సిద్ధంగా ఉండమని శిష్యులకు చెబుతున్న ఉపమానం ఇదంతా. ఎక్కువ అప్పగించినవాడి దగ్గరే ఎక్కువ అడుగుతారని 48 అంటుంది. అక్కడ ఎక్కువ అప్పగించింది ఎవరికి, ఆల్డ్‌కా, ఆ పిల్లకా?

(లూకా ఈ అంకెలేమీ వేయలేదు. కొత్త నిబంధనలో మనం వాడే వచనాల అంకెలు రొబేర్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు 1551లో పెట్టినవి.)

ఇంకొందరు ఏకంగా పుస్తకాన్నే కత్తిరించారు. 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసం ఏరిన భాగాలతో ఒక బైబిల్ అచ్చయింది. పాత నిబంధనలో దాదాపు పదింట తొమ్మిది వంతులు తీసేశారు. యోసేపు కథ ఉంచారు, ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచి వచ్చిన కథ తీసేశారు. దాసులు లోబడాలనే ఎఫెసీ 6:5 ఉంది, దాసుడనీ స్వతంత్రుడనీ తేడా లేదనే గలతీ 3:28 లేదు. మిగిలిన కొద్ది ప్రతుల్లో ఒకటి నాష్‌విల్‌లోని ఫిస్క్ యూనివర్సిటీలో ఉంది. విడుదలైన బానిసల చదువుకోసం 1866లో మొదలైన విద్యాసంస్థ అది.

వచ్చే ఆదివారం మన అంశం 'భార్యాభర్తలు'. మగవాళ్ళంతా ఎఫెసీ 5:22 ఒక్కటే గుర్తుపెట్టుకుని రాకండి. 21 నుంచి 33 దాకా చదివి రండి.