తెలుగు వెబ్ పుట: తొలి పాఠం వెనుక చరిత్ర

వెబ్‌సైటు ప్రాజెక్టు చేపట్టిన విద్యార్థి, అక్షర సంకేతం యూటీఎఫ్-8 అని ప్రకటించే పంక్తిని సాధారణంగా యాంత్రికంగా రాసి ముందుకు సాగుతాడు. తెలుగుకు సంబంధించినంతవరకు ఆ పంక్తి వెనుక ఒక చరిత్ర ఉంది.

1989లో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ సంస్థలో ప్రతిపాదించిన వెబ్‌కు హెచ్‌టీఎంఎల్ ఆధారభాష అయింది. శీర్షిక ఏది, పేరా ఏది అని తెలపడం దాని ప్రధాన కర్తవ్యం. రంగులు, అక్షర పరిమాణం వంటి అలంకరణకు 1996 డిసెంబరులో సీఎస్ఎస్ తొలి ప్రమాణం వెలువడింది. విషయాన్ని, రూపాన్ని వేరుగా ఉంచాలన్నది నేటికీ వెబ్ రూపకల్పనలో మౌలిక సూత్రం.

తొలితరం తెలుగు పుటల్లో ఈ సూత్రం సాధ్యపడలేదు. 1991 నాటి యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగుకు స్థానం లభించినా, దానిని చూపగల కంప్యూటర్లు చాలాకాలం అందుబాటులో లేవు. అందువల్ల పత్రికలు ఆంగ్లాక్షరాల సంకేతస్థానాల్లో తెలుగు అక్షరఖండాలను అమర్చిన సొంత ఫాంట్లను ఆశ్రయించాయి. ఆ ఫాంటు లేనిచోట పుట అర్థరహితమైన గుర్తుల వరుసగా కనిపించేది; తెలుగు పదంతో వెదికితే దొరికేది కాదు. అంటే అక్కడ భద్రమైంది అక్షరం కాదు, అక్షరం బొమ్మ మాత్రమే.

2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో రావడం, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభం కావడం యూనికోడ్ వైపు మలుపుకు తోడ్పడ్డాయి. అయితే పాత ఫాంట్లలో మిగిలిన రచనలు యూనికోడ్‌లోకి మారనంతవరకు పరిశోధకుని అన్వేషణకు అందవు. అటువంటి ఒక్క వ్యాసాన్ని మార్చి, సరిచూసి పుటగా నిలపడం విద్యార్థి ప్రాజెక్టుకు తగిన అంశం. రూపకల్పన సూత్రంతోపాటు గ్రంథపరిష్కరణ క్రమశిక్షణ కూడా అందులో అలవడుతుంది.