మంచుదేశములలో కారు కడుగుట

మంచు కురియు దేశములలో శీతకాలమున కారును చేతితో కడుగువారు నేడు దాని యినుమును కాపాడుకొనుచున్నారు; గుఱ్ఱపుబండ్ల కాలమున వారి పూర్వులు ఇదే పనిని కేవలము రంగుయొక్క కాంతికొఱకు చేయుచుండిరి. ఈ మార్పు తెచ్చినది కారు కాదు, ఉప్పు.

పందొమ్మిదవ శతాబ్దమున లండను ధనికుల భవనముల వెనుక మ్యూస్ అను సందులుండెడివి. అందు క్రింద అశ్వశాలయు బండిశాలయు, మీద బండివాని కాపురమును. పొరపై పొరగా పూసి, వారముల తరబడి ఆరనిచ్చి, మెఱుగుపెట్టిన వార్నిషుపై బురద యెండినచో మచ్చ నిలిచిపోవును గనుక, యజమాని విందునుండి ఎంత ప్రొద్దుపోయి వచ్చినను, చలి యెముకలు కొఱుకుచున్నను, తడి యారక మునుపే బండివాడు దానిని కడుగవలసియుండెను. వేడినీరు వార్నిషును చెఱచును. కావున చన్నీరే శరణ్యము. రుద్దినచో ఇసుక గీతలు పడును. అందుచేత మెల్లని ధారతో బురదను నానబెట్టి జాఱవిడిచి, స్పంజితో తుడిచి, చేపనూనెతో పదునుచేసిన షామీ తోలుతో తడి నొత్తవలెను. గుఱ్ఱపు మూత్రమునుండి లేచు అమ్మోనియా వాయువు సోకి వార్నిషు వన్నె తఱుగునని బండిశాలకును అశ్వశాలకును నడుమ అడ్డుగోడ కట్టుటయు కలదు. బండి చర్మముపట్ల ఇంతటి శ్రద్ధ! కడుగువాని చేతి పగుళ్లమాట అడిగినవారు అరుదు.

1886లో బెంజి మోటారుబండి వెలసిన పిమ్మట ఈ శాస్త్రమంతయు బండివానినుండి కారు డ్రైవరునకు సంక్రమించెను. అయితే తొలినాటి కారులకు పైకప్పు సరిగా లేదు. ఉత్తర అమెరికాలో పలువురు శీతకాలము రాగానే రేడియేటరులోని నీటిని తీసివేసి, చక్రములపై బరువు తగ్గునట్లు కొయ్యదిమ్మెలపై కారును నిలిపి, వసంతమువఱకు దాని జోలికి పోయెడివారు కారు. 1919లో అమెరికాలో తయారైన కారులలో పదింట ఒకటి మాత్రమే మూతకారు. 1927 నాటికి అయిదింట నాలుగింటికి మించెను. రేడియేటరు గడ్డకట్టకుండ చేయు ఇథిలీన్ గ్లైకాలు ప్రెస్టోన్ అను పేరుతో విక్రయింపబడ నారంభించినదియు ఆ 1927లోనే. అట్లు కారు చలికాలపు వాహనమైనది.

ఇక ఉప్పు. 1941–42 శీతకాలమున న్యూహాంప్‌షైరు రాష్ట్రము రోడ్లపై ఉప్పు చల్లుటను సాధారణ విధానముగా స్వీకరించెను. అమెరికాలో ఇట్లు చేసిన మొదటి రాష్ట్ర మదియే. 1955లో ఆ దేశపు రోడ్లపై పడిన ఉప్పు సుమారు 10 లక్షల టన్నులు; పదునైదేండ్లు తిరుగకముందే అది కోటి టన్నులను సమీపించెను. ఉప్పునీరు సున్న డిగ్రీలకన్న తక్కువ చలిలోను గడ్డకట్టక ద్రవముగా నుండును. రోడ్డుకు మేలుచేసిన ఈ గుణమే ఇనుమునకు శత్రువైనది. ద్రవముగా నిలిచినంతకాలము తుప్పు పని సాగుచునే యుండును, వెచ్చదనము తోడైనచో మఱింత వేగముగా. అందుచేత ఉప్పుబురదతో వచ్చిన కారును కడుగకయే వెచ్చని గ్యారేజీలో ఉంచుట, ప్రేమతో చేసిన పనియే యైనను, బయట మంచులో వదలుటకన్న హానికరము.

నాటి బండివాడు చూడ నక్కఱలేని చోట్లే నేటి కడుగువానికి ముఖ్యములు: కారు అడుగుభాగము, చక్రముల పై తొట్లు, తలుపుల క్రింది అంచులు. ఎండ కాసి మంచు కరగు మధ్యాహ్నమే ఇందుకు తగిన వేళ. తలుపుల రబ్బరు అంచులను పొడిగుడ్డతో తుడువకున్నచో తెల్లవారునప్పటికి తలుపులు బిగిసిపోవును. 1986లో ఆడి 80 కారు దేహమంతయు జింకు పూతతో వెలువడినది మొదలు తుప్పు భయము కొంత సడలినది. అయినను రాయి తగిలి పూత చిట్లిన చోటు ఉప్పునకు ద్వారమే గనుక, మంచుదేశములవారు బకెట్టును ఇంకను అటక నెక్కింపలేదు.